మచ్చ యెవరికి దోషం?

మన విమర్శకుల్లో కొందరికి వొక మాట బాగా అలవాటయింది. వొక పద్యమో, కథో తమకు నచ్చితే "సానబట్టిన వజ్రం, మచ్చుకైనా మచ్చ లేదు" అంటారు. నచ్చకపోతే "యిందులో బయటి సరుకు చేరింది" అంటారు. బయటి సరుకంటే మరేమీ కాదు: ఆకలి, అప్పు, కూలి, కులం, సమ్మె వగైరాలు. ఇవి చేరని రచన శుద్ధమైనదట. చేరినది మలినమైనదట. యీ కొలమానం యెక్కడిదని అడిగితే వెంటనే ఆలంకారికుల దోష ప్రకరణాలు తీస్తారు గాని, వారి మాటలో వినిపించేది ఆలంకారికుల గొంతు కాదు. నగల కొట్టువాడి గొంతు.

వాళ్ల సాహిత్య సిద్ధాంతం మీద యీ పత్రికలోనే చాలా చర్చ జరిగింది. దాన్ని మళ్లీ తవ్వబోవడం లేదు. వాళ్ల ఉపమానం సంగతి మాత్రం తేల్చదలచుకున్నాను. వజ్రానికి మచ్చ దోషమన్నది నిజమేనా? అయితే యెవరికి దోషం?

2014 మార్చిలో 'నేచర్' అనే శాస్త్ర పత్రికలో వొక వ్యాసం వెలువడింది. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసే గ్రాహం పియర్సన్, ఆయన సహచరులు దాన్ని రాశారు. వాళ్లు రాసింది వొక రాయిని గురించి. బ్రెజిల్ దేశంలో మాతో గ్రోసో రాష్ట్రాన జువీనా అనే వూరుంది. ఆ చుట్టుపక్కల యేటి గులకను జల్లెళ్లలో కడిగి వజ్రాలు యేరుకుని బతికే కూలీలున్నారు. 2008లో వాళ్లకు దొరికిన రాయి అది. పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. బరువు 0.09 గ్రాములు, అంటే అర కారట్టుకు కూడా తక్కువే. రంగు గోధుమ. రూపం వంకరటింకర. పియర్సన్ బృందం మరేదో ఖనిజం కోసం వెతుకుతూ సుమారు 20 డాలర్లకు దాన్ని కొన్నారు. మన పట్నంలో యే నగల దుకాణానికి తీసుకుపోయినా దాన్ని అద్దాల బీరువాలో పెట్టేవాడు లేడు.

ఆ రాతిలో వొక మచ్చ వుంది. 2009లో వొక పరిశోధక విద్యార్థి కంట పడింది. దాని కొలత సుమారు 40 మైక్రాన్లు; తలవెంట్రుక మందం కూడా లేదన్నమాట. కంటికి ఆనదు. ఆ మచ్చ మీద కాంతి వేశారు, పరారుణ కిరణాలు వేశారు, ఎక్స్‌కిరణాలు వేశారు. యేళ్ల తరబడి చూసి చూసి, అది రింగ్‌వుడైట్ అనే ఖనిజమని తేల్చారు. భూమి లోపలినుంచి వచ్చిన రింగ్‌వుడైట్‌ను మనిషి చూడడం అదే మొదలు.

ఈ ఖనిజం సంగతి కొంచెం చెప్పుకోవాలి. మెగ్నీషియం, యినుము, సిలికాన్, ఆక్సిజన్ - యివి కలిసి యేర్పడే ఒలివిన్ అనే పచ్చని సిలికేట్ ఖనిజం మనకు తెలిసిందే. దాని మేలురకాన్నే పెరిడాట్ అని వుంగరాల్లో పొదుగుతారు. భూమి పైపొర కింద వున్న రాతిలో యెక్కువ భాగం ఒలివినే. లోతుకు పోయినకొద్దీ వొత్తిడి పెరుగుతుంది. సుమారు 410 కిలోమీటర్ల దగ్గర ఒలివిన్ తన కట్టుబడి మార్చుకుని వాడ్‌స్లీయైట్ అవుతుంది. 520 దాటిన తర్వాత మళ్లీ మారి రింగ్‌వుడైట్ అవుతుంది. 660 దగ్గర అదీ నిలవలేక రెండు వేరే ఖనిజాలుగా చీలిపోతుంది. పదార్థం అదే, అణువులు అవే. పైనుంచి పడే బరువును బట్టి వాటి పేర్పు మారుతుంది. పరిమాణాత్మకమైన మార్పు గుణాత్మకమైన మార్పుగా పరిణమించడానికి యింతకన్నా మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో దొరకదు గాని, ప్రస్తుతం నేను ఆ పాఠం చెప్పడానికి కూర్చోలేదు.

520 కిలోమీటర్లంటే యెంత లోతో మనసుకు తట్టదు. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి పోయే దారిని తీసి నిలువుగా భూమిలోకి దింపండి. రింగ్‌వుడైట్ మండలం విశాఖ వైపు కొసన వస్తుంది. మనిషి యిదే దారిన యెంత దూరం పోయాడు? సోవియట్ యూనియన్ 1970లో కోలా ద్వీపకల్పంలో వొక బావి తవ్వడం మొదలుపెట్టింది. 1989 నాటికి అది 12,262 మీటర్ల లోతు చేరింది. మానవజాతి చేసిన మహత్తర ప్రయత్నాల్లో అదొకటి. దాన్ని తక్కువ చేసే వుద్దేశం నాకు లేదు. అయినా మన దారిలెక్కన చూస్తే ఆ బావి ఉప్పల్ దగ్గరే ఆగిపోయింది. అటు తర్వాత వున్న దూరమంతా చూసివచ్చింది యెవరు? యీ 20 డాలర్ల గోధుమరంగు రాయి.

అది యెలా వచ్చిందంటే, ఆ లోతులో వజ్రం పెరుగుతూ పెరుగుతూ పక్కనున్న రేణువును తనలో పొదువుకుంది. తర్వాత కింబర్లైట్ అనే ద్రవశిల దాన్ని పైకి మోసుకువచ్చింది. (కింబర్లైట్‌కు ఆ పేరు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వూరిని బట్టి వచ్చింది. ఆ వూరికి పేరు బ్రిటిష్ వలసల మంత్రి కింబర్లీ ప్రభువును బట్టి వచ్చింది. భూగర్భంలో పుట్టిన శిల కూడా వలస మంత్రి పేరు తప్పించుకోలేకపోయింది.) దారిలో వొత్తిడి తగ్గిపోతుంది గదా, రింగ్‌వుడైట్ మళ్లీ మామూలు ఒలివిన్ అయిపోవాలి. కాలేదు. వజ్రం గట్టిది, చుట్టూ గోడలా నిలబడి, లోపలి రేణువు మీద ఆ పాతాళపు వొత్తిడిలో కొంత అలాగే నిలిపివుంచింది. వజ్రం యిక్కడ చేసిన పని ఆభరణం పని కాదు, జాడీ పని. వూరగాయ కోసం జాడీ గాని, జాడీ కోసం వూరగాయ కాదని మన యింటి ఆడవాళ్లందరికీ తెలుసు. రత్నవర్తకులకు మాత్రం తెలియదు.

ఈ ఖనిజం వుండి తీరాలని శాస్త్రజ్ఞులకు అంతకు చాలా ముందే తెలుసు. భూకంప తరంగాలు 410, 660 కిలోమీటర్ల దగ్గర వున్నట్టుండి వేగం మార్చుకుంటాయి. ఆస్ట్రేలియా దేశస్థుడు రింగ్‌వుడ్ 1950, 60 దశాబ్దాల్లో తన ప్రయోగశాలలో రాళ్లను విపరీతమైన వొత్తిడికి గురిచేసి, ఒలివిన్ యిలా మారగలదని చూపించాడు. 1969లో వొక వుల్కాశిలలో ఆ రూపం సహజంగానే దొరికింది. 1879లో క్వీన్స్‌లండ్‌లో టెన్‌హం అనే చోట పడిన రాయి అది. ఆకాశంలో రాయీ రాయీ ఢీకొన్నప్పటి దెబ్బకు అందులో ఆ ఖనిజం పుట్టింది. దానికి రింగ్‌వుడ్ పేరు పెట్టారు. రింగ్‌వుడ్ 1993లో చనిపోయాడు. ఆయన వూహించిన చోటునుంచి, భూమి కడుపులోనుంచి, తొలి సాక్ష్యం బయటికి వచ్చేసరికి మరో 21 యేళ్లు పట్టింది. ప్రయోగశాల చెప్పింది, భూకంపాలు చెప్పాయి, ఆకాశం చెప్పింది. యింక భూమే చెప్పాలి. చివరికి చెప్పింది, వర్తకుడు తప్పుపట్టిన మచ్చ నోటితో.

అందులో మరో విశేషం కూడా వుంది. ఆ రేణువు బరువులో సుమారు నూటికి వొకటిన్నర వంతు నీరు. యీ మాట పైకి రాగానే పత్రికలు "భూమి అడుగున మహాసముద్రం" అని పతాక శీర్షికలు పెట్టాయి. సముద్రమూ లేదు, చెరువూ లేదు. ఆ నీరు తడిగా వుండదు. దాన్ని యెంత పిండినా చుక్క రాలదు. హైడ్రోజన్, ఆక్సిజన్ జంటలుగా స్ఫటికం కట్టుబడిలోనే యిరుక్కుని వుంటాయి. ఆ మండలమంతా అంత నీటిని పట్టి వుంటే, దాని మొత్తం పైనున్న సముద్రాలతో పోల్చదగినంత వుంటుందన్నది లెక్క. కాని చేతికొచ్చింది వొక్క రేణువు. వొక్క మెతుకు పట్టి చూస్తే అన్నం వుడికిందీ లేనిదీ తెలుస్తుంది నిజమే, మెతుకులన్నీ వొకే కుండలోవి అయితే. ఆ మండలం వొకచోట తడిగా, మరోచోట పొడిగా వుండవచ్చుగా. శాస్త్రజ్ఞులు యీ జాగ్రత్త పాటించారు. శీర్షికలు రాసినవారు పాటించలేదు.

శీర్షికల వెనకనే మరొక బృందం బయలుదేరుతుంది. సప్తపాతాళాలు, వాటి జలాలు, నాగలోకపు మణులు - యివన్నీ మన పురాణాల్లో యెప్పుడో వున్నాయని, తెల్లవాళ్లు యిప్పుడు కనిపెట్టారని వాళ్లు అంటారు. యీ మాట మీరూ వినివుంటారు. వార్త వచ్చిన తర్వాత గాని గుర్తుకురాని శాస్త్రం యేమి శాస్త్రమో నాకు తెలియదు. పురాణం చదివి యెవరైనా 520 కిలోమీటర్ల లోతున ఒలివిన్ రూపం మారుతుందని 2014కు ముందు చెప్పారా? చెప్పలేదు. అయితే ఆ పెద్దమనుషులతో నా తగవు అంతకన్నా లోతైనది. వాళ్లు గొప్ప చెప్పుకునే ఆ సంప్రదాయం యిలాంటి రాతిని గురించి నిజంగా యేమన్నదో చూడండి.

మన రత్నపరీక్షా గ్రంథాలు వజ్రానికి దోషాలు లెక్కపెట్టాయి: బిందువు, రేఖ, మలం, యవ, కాకపాదం. యివన్నీ దాదాపు లోపలి మచ్చలు, గీతలే. ఆరో శతాబ్దపు బృహత్సంహిత కూడా దోషాలున్న వజ్రం ధరిస్తే బంధునాశం, ధననాశం, ప్రాణహాని అని హెచ్చరించింది. అంతేకాదు. వజ్రాలకు వర్ణాలు కూడా కట్టారు. తెల్లది బ్రాహ్మణుడికి, నల్లది శూద్రుడికి. మనుషుల్ని చీల్చింది చాలక రాళ్లను కూడా చీల్చారు. యీ లెక్కన మన జువీనా రాయి సంగతేమిటి? రంగు గోధుమ, లోపల బిందువు, ఆకారం భ్రష్టం. శాస్త్రప్రకారం అది మన వూళ్లోకే రాకూడదు. పాతాళం గురించి మనిషికి తెలిసిన నిజమైన కబురును మోసుకొచ్చినదాన్నే గడప తొక్కనివ్వని శాస్త్రం, ఆ కబురు మాకు ముందే తెలుసునని యెలా అంటుంది?

పాత శాస్త్రాన్ని తిట్టి కొత్త బజారును వదిలేస్తే అన్యాయమవుతుంది. యిప్పటి వర్తకంలో కాకపాదం పోయి వి.వి.ఎస్. వచ్చింది. వజ్రాన్ని పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెట్టి, లోపల యేమీ కనిపించకపోతే పై మెట్టు, చిన్న చుక్క కనిపిస్తే వొక మెట్టు కింద, కంటికే కనిపిస్తే అన్నిటికన్నా కింద మెట్టు. ధర ఆ మెట్లు యెక్కి దిగుతుంది. భాష మారింది గాని భావం మారలేదు: రాయి లోపల యేమీ వుండకూడదు. వజ్రం కొనేవాడికి కావలసింది వజ్రం గుండా తన ముఖం కనిపించడమే గాని, వజ్రం తనకు వేరే యేదో చెప్పడం కాదు.

ఇక్కడ నాకే యిబ్బంది కలిగించే వొక నిజం చెప్పాలి. వజ్రాలకు మెట్లు కట్టే సంస్థల్లో పెద్దది అమెరికాలోని జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్. రెండో రింగ్‌వుడైట్‌ను చూసింది ఆ సంస్థ పరిశోధకులే. బోట్స్వానాలోని కరోవే గనినుంచి వచ్చిన వజ్రంలో, 660 కిలోమీటర్ల సరిహద్దు దగ్గరి ఖనిజాలు వొకే గుంపుగా దొరికాయి, 2022లో ప్రకటించారు. అదే సంస్థకు చెందిన ఇవాన్ స్మిత్, ఆయన సహచరులు అంతకుముందు 2016లో మరో మంచి పని చేశారు. కులినన్ లాంటి చాలా పెద్ద, చాలా నిర్మలమైన వజ్రాలు యెక్కడ పుడతాయో అప్పటిదాకా తెలియదు. తెలియకపోవడానికి కారణం వాటి నిర్మలత్వమే! లోపల యేమీ లేకపోతే అవి యేం చెబుతాయి? స్మిత్ బృందం అలాంటి వజ్రాలను సానబట్టేటప్పుడు కోసి తీసేసిన ముక్కలను సంపాదించి చూసింది. ఆ ముక్కల్లో యినుము, నికెల్ కలిసిన లోహపు బిందువులు, కాల్షియం సిలికేట్ రేణువులు వున్నాయి. ఆ వజ్రాలు కూడా మామూలువాటికన్నా యెంతో లోతున, కరిగిన లోహంలో పుట్టాయని అప్పుడు తెలిసింది. అనగా, రాజుల కిరీటాల్లోకి యెక్కిన భాగం నోరు మూసుకుంది. చెత్తబుట్టకు పోవలసిన భాగం మాట్లాడింది. యీ పని చేసినవారిని మెచ్చుకోవాలి. అయితే వారి పరిశోధన వల్ల వారి సంస్థ మెట్లలో వొక్క మెట్టు కూడా కదలలేదని కూడా గమనించాలి. వొకే ఇంట్లో వొక గదిలో మచ్చను సాక్షి అంటారు, పక్క గదిలో అదే మచ్చకు జరిమానా వేస్తారు.

గోల్కొండ వజ్రాలు ఈ నిర్మలమైన జాతివేనని రత్నశాస్త్రజ్ఞులు అంటారు. వేలం పాటల్లో 'గోల్కొండ' అనేది వూరి పేరుగా పోయి, నిర్మలత్వానికి విశేషణంగా మిగిలింది. అందువల్ల యీ కథలో మనకూ వాటా వుంది. మనవాళ్లకు వజ్రమంటే కోహినూర్. దాన్ని తిరిగి తెప్పించాలని వుపన్యాసాలిస్తారు. తెప్పించండి, నాకేమీ అభ్యంతరం లేదు. దోచుకున్నది తిరిగి యివ్వవలసిందే. కాని దోపిడీ ఇంగ్లీషువాడితోనే మొదలయిందని మాత్రం చెప్పకండి.

17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు మన గనులు చూసిపోయాడు. కృష్ణ వొడ్డున, యిప్పటి పల్నాడులో, కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. పని బాగా తెలిసినవాడికి కూడా యేడాదికి మూడు వరహాలు ముడుతుందని మరో గని గురించి రాశాడు. కూలీల వొంటిమీద గోచీ తప్ప వుండదు, ఆ పైన కావలివాళ్లు. వొక కూలివాడు వజ్రాన్ని కంటికొసలో దాచుకుని దొరికిపోయిన సంగతి కూడా ఆయన పుస్తకంలో వుంది. కంటికొసలో! వజ్రం అంచులు యెలా వుంటాయో తెలిసినవాడు, కన్ను యెంత సున్నితమో తెలిసినవాడు, ఆ పనికి తెగించాడంటే ఆ మూడు వరహాల బతుకు యెలాంటిదో వూహించుకోండి. యీ మనిషిని తెచ్చి యివ్వమని యే వుపన్యాసకుడూ అడగడు.

టావెర్నియర్ మరొక విషయం కూడా గమనించాడు. రాతిలో చుక్కో గీతో వుంటే మన సానవాళ్లు దాని నిండా పలకలు చెక్కి, మచ్చ కనిపించకుండా చేసేవారట. యిది వాళ్ల నేర్పు; తప్పనను. కాని యెవరి కన్ను కప్పడానికి ఆ నేర్పు వినియోగమయిందో చూడండి. ఇక లండనులో మరో పద్ధతి జరిగింది. కోహినూర్‌కు మెరుపు చాలలేదని 1852లో దాన్ని మళ్లీ సానకెక్కించారు. 38 రోజులు అరగదీశారు. 186 కారట్ల రాయి 105.6 కారట్లకు దిగింది. తక్కిన 80 కారట్లు పొడి అయిపోయింది. 2016లో అలాంటి కోతముక్కలనుంచే కదా శాస్త్రజ్ఞులు వజ్రం పుట్టుక చదివింది! కోహినూర్ పుట్టుక గురించి యేమైనా రాసివుంటే అది ఆ పొడిలో వుండవచ్చు. దాన్ని సానచక్రం తిన్నది. బ్రిటిష్‌వాళ్లు మన వజ్రం తీసుకుపోయారని మనకు తెలుసు. దాని నోరు కూడా కోసేశారని మనకు పట్టలేదు.

కొల్లూరుదేనని చరిత్రకారులు చెప్పే మరో రాయి వుంది. టావెర్నియర్ దాన్ని ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. చేతులు మారి, కోతలు పడి, హోప్ వజ్రం అనే పేరుతో 1958 నుంచి వాషింగ్టన్ మ్యూజియంలో వుంది. దాని నీలిరంగుకు కారణం బోరాన్ అనే మూలకం. బోరాన్ భూమి పైపొరల్లో దొరికేదే గాని అడుగున దాదాపు వుండదు. 2018లో అదే స్మిత్ బృందం యిలాంటి నీలి వజ్రాలు 46 తీసుకుని వాటిలోని మచ్చలు చూసి, అవి 660 కిలోమీటర్ల లోతునకూడా పుడతాయని, సముద్రగర్భపు శిల భూమిలోకి దిగిపోతూ బోరాన్‌ను అక్కడికి మోసుకుపోయివుంటుందని చెప్పింది. హోప్ వజ్రాన్నే పరీక్షించలేదు గాని అది ఆ జాతిదే. వొకప్పటి సముద్రపు అడుగు, పాతాళం దాకా పోయి, నీలిరంగు అయి, కృష్ణ వొడ్డున కొల్లూరు కూలి చేతికి వచ్చింది. ఆ కథను మన పిల్లల పుస్తకాల్లో వొక్కరూ రాయలేదు; దాన్ని పెట్టుకున్నవాళ్లకు శాపం తగిలిందన్న కథ మాత్రం అందరూ రాశారు. కొల్లూరు యిప్పుడు పులిచింతల జలాశయం ముంపులో వుంది.

మళ్లీ జువీనాకు వస్తాను. రింగ్‌వుడ్ పేరు మీద నాకు తగవు లేదు. కొలిమిలాంటి ప్రయోగశాలలో కూర్చుని, యెవరూ చూడని చోటును వూహించి, సరిగా వూహించాడు. ఆ గౌరవం ఆయనకు తగినదే. యిలాంటి లోతుఖనిజాల్లో మరికొన్నిటికి కూడా శాస్త్రజ్ఞుల పేర్లే వున్నాయి: బ్రిడ్జ్‌మనైట్, జెఫ్‌బెనైట్, బ్రేయైట్, డేవ్‌మావోయైట్. అందరూ పనిచేసినవాళ్లే. నేనడిగేదల్లా, గులక కడిగినవాడి పని పని కాదా అని. తడిసిన కంకరలో, వేల పలుగురాళ్ల మధ్య, 5 మిల్లీమీటర్ల గోధుమరంగు రాయిని చూసి యిది వజ్రమని పట్టుకోవడం జ్ఞానం కాదా? నగల కొట్టువాడి భూతద్దం కింద కూడా విలువ లేని దాన్ని పారెయ్యకుండా పక్కన పెట్టిన చెయ్యి లేకపోతే, శాస్త్రజ్ఞుల యెక్స్‌కిరణాల యంత్రం దేనిమీద పనిచేస్తుంది? ఆ రాతికి శాస్త్రంలో జె.యు.సి. 29 అని వొక నంబరు వుంది. దాన్ని యేటిలోనుంచి తీసినవాడికి ఆ నంబరైనా లేదు.

ఇప్పుడు శుద్ధవాదులు వొక యెత్తిపొడుపు వేస్తారని నాకు తెలుసు: "అయితే మచ్చ వున్న ప్రతి రాయీ గొప్పదేనా? నినాదం వున్న ప్రతి పద్యమూ గొప్పదేనా?" కాదు. మచ్చల్లో చాలా భాగం గ్రాఫైటు, గంధకపు ఖనిజాలు, మామూలు ఒలివిన్. వజ్రాల్లో అత్యధిక భాగం 150, 200 కిలోమీటర్ల లోతులోవే. రింగ్‌వుడైట్ వున్న రాళ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అభ్యుదయం పేరుతో వచ్చే పద్యాల్లో కూడా బొగ్గు చాలా వుంది. నేనే యెన్నో చదివి విసుక్కున్నాను. కాని బొగ్గో రింగ్‌వుడైటో తేలాలంటే లోపలికి చూడాలి. మచ్చ కనిపించగానే ధర తగ్గించి పక్కన పారేసేవాడికి యీ రెంటికీ తేడా యెన్నటికీ తెలియదు. తేడా తెలుసుకోవడం విమర్శకుడి పని. ధర తగ్గించడం దళారీ పని.

ఈ మాట పుస్తకాల కోసమే రాయడం లేదు. యేటా తొలకరి పడగానే కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల వేటకు దిగుతారు. రైతులు, కూలీలు, పక్క జిల్లాలనుంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు, చెట్ల కింద వండుకుని తింటూ, వంగిన నడుము యెత్తకుండా తడిమట్టిని వెతుకుతారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర కింబర్లైట్ గొట్టాలున్నాయని భూగర్భశాఖకు యెప్పటినుంచో తెలుసు. దొరికిన రాయికి ధర చెప్పేది మాత్రం వ్యాపారి మనిషి. రాతిని వెలుతురుకు పట్టి చూస్తాడు. "మచ్చుందప్పా, దీనికేమొస్తాది?" అంటాడు. వచ్చింది తీసుకుని పోవలసిందే, అడిగేవాడు లేడు.

అక్కడ రింగ్‌వుడైట్ వుందని నేననడం లేదు. లేదని కూడా యెవరూ అనలేరు, చూస్తే గదా. ప్రభుత్వం ఆ వూళ్లలో వొక కొనుగోలు కేంద్రం పెట్టవచ్చు. మచ్చ వున్న రాతికి కూడా, రంగు చెడిన రాతికి కూడా, బతకదగిన ధర కట్టవచ్చు. అలా వచ్చిన రాళ్లను మన విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర శాఖలకు పంపవచ్చు. ప్రతి రాతి పక్కన యే చేనులో దొరికింది, యెవరికి దొరికింది అని రాసి పెట్టవచ్చు. దీనికి కావలసింది వొక గది, వొక తక్కెడ, వొక రిజిస్టరు, నిజాయితీగల వొక గుమాస్తా. రిజిస్టరులో మొదటి గడి దొరికినవాడి పేరుకు వుంచండి.